చుట్టాల క్యాన్

ఆఫీసు రికార్డుల్లో రాగిగుట్ట తండా బావి నీళ్లకు ఉన్నంత మంచి పేరు చుట్టుపక్కల ఇంకే నీళ్లకూ లేదు. మూడేళ్లలో మూడుసార్లు ఆ నీళ్లు సీసాల్లో హైదరాబాదు వెళ్లొచ్చాయి. రంగు లేదు, వాసన లేదు, లోహాల జాడ లేదు, తాగడానికి శ్రేష్ఠం అని మూడుసార్లూ రిపోర్టు వచ్చింది. ఆఫీసులో అందరూ తాగే కుండలో నీళ్లను పంపినా అంత గొప్ప సర్టిఫికెట్ వచ్చేది కాదు.

చిక్కల్లా ఆ నీళ్లు తాగే మనుషులతోనే వచ్చింది. అంత శ్రేష్ఠమైన నీళ్లు తాగి కూడా వాళ్లు వాంతులు చేసుకునేవాళ్లు.

వాంతుల సంగతి ఆఫీసుకు తెలియడానికి కారణం కమ్లి. ప్రతి సోమవారం బిచ్కుంద వైపు నుంచి వచ్చే మొదటి ఆటో దిగి, బాన్సువాడలోని నీటి పరీక్షల ల్యాబు ముందు కూర్చునేది. వెంట ఏడేళ్ల కూతురు రోజారాణి. ఆ పిల్లకు వయసు ఏడైనా చూస్తే నాలుగంటారు. కళ్లు పసుపుపచ్చగా ఉండేవి. కూర్చున్నచోటే తల్లి ఒళ్లో తల పెట్టి పడుకునేది.

ల్యాబులో టెక్నీషియన్ ఆసిమా. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగించాలి. పొడిగించే సంతకం ఇంజనీరు హరనాథబాబుది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలే అయింది కాబట్టి ఆసిమాకు ఇంకా మనుషులు చెప్పేది వినే అలవాటు పోలేదు.

"మేడం, మా బిడ్డ రాత్రి మళ్ల కక్కింది," అంది కమ్లి ఆ సోమవారం. "దవాఖానల డాక్టర్ కాలేయం కరాబైతుందన్నడు. ముందుగాల నీళ్లు మార్చుమన్నడు. యాడికెళ్లి మార్చాలె? మాకున్నది గా ఒక్క బాయే."

లోపలి గదిలోంచి హరనాథబాబు బయటికొచ్చాడు. వర్ని దగ్గర వలస రైతుల క్యాంపులో పుట్టి పెరిగిన మనిషి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పొలాలు చేసుకున్న కుటుంబం. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. లంచం ముట్టడు, ఎవర్నీ కసురుకోడు, ఎదుటివాళ్లు నొచ్చుకునే మాట నోట రానివ్వడు. లంచగొండి అయి ఉంటే ఆసిమా పని ఎంతో సులువయ్యేది.

"చూడమ్మా," అన్నాడు కమ్లితో ఎంతో మృదువుగా, "మీ బావి నీళ్లు బంగారం. నా మాట కాదు, హైదరాబాదు వాళ్లే చెప్పారు. మూడుసార్లు చెప్పారు. పిల్లకి బజారు తిళ్లు తగ్గించు. సరేనా తల్లీ?"

కమ్లి సరేనన్నట్టు తల ఊపింది. ఇన్ని సోమవారాలుగా ఊపుతూనే ఉంది. పిల్లను భుజాన వేసుకుని ఆటో స్టాండు వైపు వెళ్లిపోయింది. ఆ పిల్లకు బజారు తిళ్లు కొనిపెట్టే స్తోమత కమ్లికి ఎక్కడిదని ఆసిమాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే బీరువా తీసి రాగిగుట్ట ఫైలు బయటికి లాగింది.

రాగిగుట్ట కథ అందరికీ తెలిసిందే. నిజాం కాలంలో ఎవరో అక్కడ రాగి తవ్వించారు. తర్వాత ఒక కంపెనీ వచ్చి ఇంకా లోతుగా తవ్వింది, గిట్టుబాటు కాక వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ గుట్ట పొట్టలో పెద్ద పెద్ద గుంతలు, గుట్ట కింద నల్లటి మట్టి దిబ్బలు వదిలేసింది. వానాకాలంలో ఆ గుంతల్లో నీలంగా, ఆకుపచ్చగా నీళ్లు నిలుస్తాయి. దిబ్బల మీద గడ్డిపరక మొలవదు. దిబ్బలకు రెండు పొలాల అవతలే తండా బావి. కాలువ నీళ్లు పల్లానికి పోతాయి కానీ గుట్ట ఎక్కవు కదా, అందుకని తండాకు ఆ బావే దిక్కు.

ఆసిమా మొదటి రిపోర్టు చదివింది. రెండోది చదివింది. మూడోది చదువుతూ ఒక అంకె దగ్గర ఆగిపోయింది. నీళ్లలో కరిగి ఉన్న లవణాలు: ముప్పై. వెనక్కి తిప్పి చూస్తే రెండోదాంట్లో ఇరవై ఎనిమిది, మొదటిదాంట్లో ముప్పై రెండు. ఈ ప్రాంతంలో రాతిలో తవ్విన ఏ బావి నీళ్లలోనూ అది అయిదు వందలకు తగ్గదు. భూమిలోంచి వచ్చిన నీళ్లు భూమిని తాకనే లేదన్నట్టుంది. మూడేళ్లు ముగ్గురు టెక్నీషియన్లు ఈ కాగితం మీద సంతకం పెట్టారు, నీళ్లు బాగున్నాయనే సంతోషంలో ఎవరికీ అనుమానం రాలేదు.

గురువారం ఆసిమా స్కూటీ మీద రాగిగుట్ట తండాకు వెళ్లింది. కోటగిరి వైపు పని ఉందని హరనాథబాబుతో చెప్పింది. అది అబద్ధం.

తండాలో ఆమెను చూసి మొదట లేచినవాడు గోప్యా. కమ్లికి మామ, తండాకు పెద్ద. తెల్లటి తలపాగా, చెవులకు బంగారు పోగులు. బాన్సువాడ నుంచి మేడం వచ్చిందనగానే మంచం వాల్చాడు, దాని మీద కొత్త దుప్పటి పరిచాడు, కోడిని తరిమాడు. ఆయన భార్య సోనాబాయి పెద్ద స్టీలు గ్లాసు నిండా మంచినీళ్లు, వెనకాలే చాయ్ తెచ్చింది. చాయ్ చిక్కగా, కమ్మగా ఉంది.

"తాతా, బాయి నీళ్లు పట్టుకపోనీకె అచ్చిన," అంది ఆసిమా సంచీలోంచి నాలుగు ఖాళీ సీసాలు తీసి.

"నువ్వు గూసో బిడ్డా," అని సోనాబాయి ఆ సీసాలు చేతిలోంచి లాగేసుకుంది. "ఇంటికచ్చినదానివి, నీతోని నీళ్లు మోపిస్తనా?"

ఆసిమా లేచేలోపే ఆవిడ గుడిసెలోకి వెళ్లి వచ్చేసింది. సీసాలు నాలుగూ నిండి ఉన్నాయి. పైన తడి కూడా లేకుండా కొంగుతో తుడిచి, మూతలు బిగించి తెచ్చింది.

ఆసిమా సీసాల వంక చూసింది, దూరంగా బావి వంక చూసింది. నడిస్తే పోనురాను పావుగంట.

"అవ్వా, బాయికాడికి పోకుండనే ఎట్ల నిండినయ్?"

"బాయి నీళ్లు నీకెందుకు పోస్త బిడ్డా!" సోనాబాయి నొచ్చుకుంది. "క్యాన్‌ల నీళ్లు పోసిన. నిన్ననే తెచ్చిన క్యాన్, ఎవ్వరు ముట్టలే, జూటా గూడ కాలే."

లోపలికి తీసుకెళ్లి చూపించింది. ఒక మూల ముక్కాలి పీట మీద ఫిల్టరు నీళ్ల క్యాన్, మీద ఉతికిన తెల్లబట్ట కప్పి ఉంది. దాన్ని చుట్టాల క్యాన్ అంటారట. తండాలో ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. ఇంటివాళ్లు దాన్ని ముట్టరు, పిల్లలు దాని దగ్గరికి వెళ్లరు. బావి నీళ్లతో చాయ్ పెడితే పాలు విరిగిపోతాయి, అన్నం వండితే గిన్నె అంచు ఆకుపచ్చగా అవుతుంది. ఆ నీళ్లు చుట్టాలకు ఎట్లా పోస్తాం? తండా అన్నాక ఇజ్జత్ ఉండదా?

"మరి మా హరనాథ సారు అచ్చినప్పుడు?"

"గాయనకు సుత గివే," అన్నాడు గోప్యా గుమ్మంలో నిలబడి, గర్వంగా. "మూడుమాట్ల అచ్చిండు. మంచి మనిషి. మంచంల కూసుండి చాయ్ తాగిండు, బాయి సుట్టు తిరిగి ఏందో రాసుకున్నడు. సీసలు మా చేతికిచ్చిండు. అంత పెద్దసారు తొవ్వల తాగనీకె నీళ్లడిగితే గా ఇసం నీళ్లు పోస్తమా?"

అప్పుడే కమ్లి కట్టెల మోపుతో వచ్చింది. ఆసిమాను చూసి ముఖం వికసించింది. విషయం వినేసరికి ఆ ముఖం అట్లాగే బిగుసుకుపోయింది.

"అంటే సీసలల్ల నీళ్లనే పరీక్ష చేస్తరా మేడం?" అని అడిగింది మెల్లగా. "బాయి చూసి రాసుకపోయిండు గద, గదే పరీక్ష అనుకున్న. సీసలు తాగనీకె అనుకున్న. మొదటిసారి నేనే పోసిన. నా చేతులతోని పోసిన."

కట్టెల మోపు కింద పడేసి నేల మీద చతికిలబడింది. మూడేళ్లుగా ఏ కాగితం కోసం ఆఫీసు మెట్ల మీద కూర్చుందో ఆ కాగితాన్ని తానే పాడుచేసుకుంది. అదీ చుట్టాల మర్యాద కోసం. కమ్లి నెత్తి కొట్టుకుని ఏడ్చింది. ఆసిమా ఆమె పక్కనే కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కానీ రోజారాణి గుడిసె నీడలో పడుకుని కడుపు పట్టుకుని ఉంది కాబట్టి నవ్వు రాలేదు.

ఆ రోజు ఆసిమా బావి దగ్గరికి తానే నడిచి, తానే బొక్కెన వేసి నీళ్లు చేదింది. చూడ్డానికి నీళ్లు తేటగానే ఉన్నాయి. పులుపు కనిపెట్టే కాగితం ముక్క ముంచితే నిమ్మరసంలో ముంచినంత ఎర్రబడింది. సీసాలు ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, నింపి, సీలు వేసి హైదరాబాదు పంపింది. మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. ఉండవలసినదానికి పదకొండింతల రాగి.

కాగితం తీసుకుని హరనాథబాబు గదిలోకి వెళ్లింది. చుట్టాల క్యాన్ సంగతి మొత్తం చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే అమ్మాయ్, నేను మూడేళ్లు ఫిల్టరు నీళ్లని హైదరాబాదు పంపించానంటావు."

"అవును సార్."

"ప్రభుత్వ ఖర్చుతో."

"అవును సార్."

హరనాథబాబు పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే ఆ రిపోర్టును సొరుగులో పెట్టి తాళం వేశాడు. తర్వాత నవ్వు ఆగింది.

"ఇదుగో, విను. ఉత్తమ జల గ్రామం ఒకటి చూపించమని పైనుంచి కాగితం వచ్చింది. నేను రాగిగుట్ట పేరు పంపాను. మూడు రిపోర్టులున్నాయి, ఇంకేం కావాలి? బోర్డు రాయించటం కూడా అయిపోయింది, వచ్చే గురువారం పెడుతున్నాం. బోర్డు పెట్టాక ఆ తండాకి పైపులైను అడిగే ఫైలు మూసేస్తారు. ఇప్పుడు నేను వెళ్లి, అయ్యా, నేను సీసాలు వాళ్ల చేతికిచ్చి చాయ్ తాగుతూ కూర్చున్నాను అని చెప్పనా? ఎనిమిది నెలల్లో నా పెన్షను కాగితాలు కదలాలి."

"సార్, గా పిల్ల..."

"నాకూ మనవరాళ్లున్నారమ్మా," అన్నాడు నిజంగానే బాధపడుతూ. "నాలుగోసారి సీసా సరిగా కడగలేదని ఒక్క ముక్క రాసివ్వు. కడగలేదంటే నీకేం ఉరిశిక్ష వెయ్యరు. మార్చిలో నీ సంతకం నేను చూసుకుంటాను."

ఆసిమా రాసివ్వలేదు. రాయనని మొహం మీద చెప్పే ధైర్యమూ చెయ్యలేదు. రేపు రాస్తానని ఒకసారి, పెన్ను లేదని ఒకసారి తప్పించుకుంది. ఇంటికి వెళ్తే అబ్బా బద్రుద్దీన్ కాంట్రాక్టు ఫికర్ పెట్టుకుని రోజూ అడుగుతున్నాడు. మంగళవారం సాయంత్రం ఇగ లాభం లేదనుకుని తండాకు వెళ్లి కమ్లిని గుడిసె వెనక్కి పిలిచింది.

"గురువారం సార్ వస్తుండు. వచ్చినప్పుడు బాయి నీళ్లతోని చాయ్ పెట్టు. ఒక్క గుక్క చాలు, గాయనకు సమజ్ అయితది."

కమ్లి రెండడుగులు వెనక్కి వేసింది. "ఇంటికచ్చినోనికా? గా నీళ్లా? ఏం మాట్లాడ్తున్నవ్ మేడం?"

"సార్ చుట్టం గాదు, కమ్లీ. ఆఫీసరు."

"మా గడపల అడుగు పెట్టినోడు చుట్టమే. మా మామకు తెలిస్తే పానం తీసుకుంటడు. మా అత్త నా మొఖం చూడది. తండాల ఎవ్వరు నా చేతి నీళ్లు ముట్టరు. పగోనికి సుత పోయం మేడం గా నీళ్లు."

"రోజాకు పోస్తున్నవ్ గద," అంది ఆసిమా.

అని వెంటనే నాలుక కరుచుకుంది. కమ్లి గుట్ట వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆసిమా తనను తాను తిట్టుకుంటూ స్కూటీ ఎక్కింది.

గురువారం పదకొండింటికి జీపు తండాలోకి వచ్చింది. హరనాథబాబు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బోర్డు అప్పటికే పాతి ఉంది, మీద పూలదండ, ముందు తెర. రావలసిన పెద్దాఫీసరు రాలేనని ఫోను చేశాడు, మీరే తెర తీసి ఫొటో పంపండి అన్నాడట. తండా తండా అంతా మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. తమ నీళ్లు ఉత్తమమని సర్కారు బోర్డు పెడుతుంటే వాళ్లకు అర్థం కాకపోయినా, చుట్టం ముందు అర్థం కానట్టు కనపడ్డం మర్యాద కాదు. గోప్యా కొత్త తలపాగా చుట్టాడు.

"ముందు చాయ్ తాగుండ్రి సార్," అన్నాడు గోప్యా. "గా తర్వాత తెర తీద్దురు."

చాయ్ కమ్లి తెచ్చింది. పళ్లెంలో ఒకే గ్లాసు, చేతిలో కెటిలు. గ్లాసులో చాయ్ మీద విరిగిన పాల తెల్లటి తరకలు తేలుతున్నాయి.

హరనాథబాబు గ్లాసు అందుకున్నాడు, చూశాడు. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. కానీ ఆయన పెరిగిన ఇంట్లో విస్తట్లో వడ్డించింది వదిలేస్తే తల్లి రెండు రోజులు మాట్లాడేది కాదు. పెట్టినవాళ్ల ముందు ముఖం చిట్లించడం ఆయన ఎరగడు. కళ్లు మూసుకుని గుక్కలు గుక్కలుగా మొత్తం తాగేశాడు. మెడ నరాలు ఉబ్బాయి. గ్లాసు కింద పెట్టి, నవ్వే ప్రయత్నం చేశాడు.

"బాగుందమ్మా. చాలా బాగుంది."

ఈయన తాగేస్తాడని, తాగి మెచ్చుకుంటాడని ఆసిమా అనుకోనే లేదు. ఇగ అయిపోయింది, మర్యాద ముందు రాగి కూడా ఏం చెయ్యలేదు అనుకుంది.

కమ్లి కదల్లేదు. "బాగున్నది గద సార్, ఇంగొంచెం తాగుండ్రి," అని కెటిలు వంచి మళ్లీ నిండా పోసింది.

అప్పుడు చూశాడు గోప్యా గ్లాసులోకి. ముఖం పాలిపోయింది. "కమ్లీ! ఏ నీళ్లతోని పెట్టినవే?"

కమ్లి మామ ముఖం వైపు చూడకుండా హరనాథబాబు ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆయన రెండో గ్లాసు ఎత్తాడు. సగం దాకా వెళ్లింది. నుదుటి మీద చెమట పట్టింది. జేబులోంచి రుమాలు తీసి మూతి తుడుచుకుని, మిగతా సగం కూడా మింగాడు. కమ్లి మూడోసారి కెటిలు వంచింది.

హరనాథబాబు గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు తల్లీ."

"ఏమైంది సార్? బాగలేదా?"

"నా వల్ల కాదమ్మా." ఒక చేత్తో కడుపు పట్టుకున్నాడు. "ఇవి మనుషులు తాగే నీళ్లు కావు."

"మా రోజా పుట్టినకాన్నుంచి గివే తాగుతుంది సార్," అంది కమ్లి. గొంతు పెంచలేదు. "రెండు గ్లాసులకు నీతోని కాలే. గది ఏడేండ్ల పిల్ల."

హరనాథబాబు తల తిప్పాడు. రోజారాణి గుమ్మం దగ్గర అవ్వ కొంగు పట్టుకుని, పసుపుపచ్చ కళ్లతో ఆయననే చూస్తోంది. అన్ని సోమవారాలు ఆఫీసులో ఆ పిల్ల ఆయన ఎదురుగానే పడుకునేది. అప్పుడు ఆయన చేతిలో రిపోర్టు ఉండేది, చూపు దాని మీదే ఉండేది.

"నోరు పుక్కిలించాలి, కాసిని మంచినీళ్లు..." అన్నాడు.

గోప్యా ముసలి కాళ్లతో ఇంట్లోకి పరుగెత్తాడు. అంతే వేగంగా ఖాళీ క్యాన్ పట్టుకుని బయటికొచ్చాడు.

"పారబోసిన మామా," అంది కమ్లి. "పొద్దుగాల అందరు బోర్డు పాతేకాడ ఉంటే అందరిండ్లల్లయి పారబోసిన. ఇయ్యాల మన తండాల అందరికి ఒక్కటే నీళ్లు."

గోప్యా క్యాన్ కింద పెట్టాడు. తలపాగా విప్పి రెండు చేతులతో పట్టుకుని హరనాథబాబు ముందు వంగాడు. ఆ ముసలాయన కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"మాఫ్ చెయ్యి సార్. మా తాత నాటి సంది మా గడపల చుట్టానికి ఇట్ల ఎన్నడు కాలే. నా కోడలు తెల్వి లేని పిస్సది. తప్పైంది సార్, మాఫ్ చెయ్యి."

ఏడేళ్లుగా మనవరాలు ఆ నీళ్లు తాగుతుంటే ఏడవని మనిషి, పరాయివాడు రెండు గ్లాసులు తాగినందుకు ఏడుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా సిగ్గుతో తలలు దించుకున్నారు. తండా మొత్తం ఒక ఆఫీసరుకు క్షమాపణ చెప్పుకుంటోంది. హరనాథబాబు ఆ ముసలాయనను లేపడానికి వంగాడు. అంతలోనే పక్కకు తిరిగి, ఇంకా తెర తీయని బోర్డు పునాది మీద వాంతి చేసుకున్నాడు.

రుమాలుతో ముఖం తుడుచుకుని ఆసిమా వైపు చూశాడు.

"నా సొరుగులో ఉన్న రిపోర్టు నంబరు గుర్తుందా అమ్మాయ్?"

"ఉన్నది సార్."

"మొదటి మూడు సీసాల్లోవీ బావి నీళ్లు కావని రాయాలి. తప్పు హరనాథబాబుదని రాయాలి. నేనే రాస్తాను, నువ్వు చెప్పు." జీపు బానెట్ మీద కాగితం పరిచి చెయ్యి చాపాడు. "పెన్ను ఉందా, లేక ఇవాళ కూడా లేదా?"

ఆసిమా పెన్ను ఇచ్చింది.